ఓబళప్ప ఓడకు పూసిన ఆముదం

నేత్రావతి నన్ను అడిగింది ఒక్క పేజీ. పంచాయితీ గ్రంథాలయంలో గాజు పెట్టెలో ఉన్న కొయ్య ఓడ పక్కన గోడకు అతికించాలట. దాన్ని చేసిన ఓబళప్ప గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మంది. “ఎదురింటోడివి, నీకంటే బాగా ఎవురికి తెలుసు ఆచారన్నా? నువ్వు తెలుగులో రాయి, నేను కన్నడంలో దించుకుంటా” అంది. గ్రంథాలయం చూసుకునే పిల్ల, రెండు భాషలూ బాగా వచ్చు. నాకు కన్నడం మాట్లాడటం వస్తుంది గానీ రాయడం రాదు. నేను చదువుకున్నది సరిహద్దుకు అవతల, ఆంధ్రాలో, మా మేనమామ ఊళ్ళో, ఎనిమిదో తరగతి దాకా.

సరేనని కూర్చున్నాను. మొదటి వాక్యానికే పెన్ను ఆగిపోయింది. ఆ ఓడ కింద అతికించిన చీటీలో ఓబళప్ప పేరు కంటే ముందు నా పేరు ఉంది. అది అక్కడికి ఎలా వచ్చిందో చెప్పకుండా వాడి గురించి మంచి మాట రాయడం నా వల్ల కాదు. అందుకని ఇది ఒక పేజీలో తెమిలేది కాదు తల్లీ, ఓపిక పట్టి చదువు.

ముందు ఓబళప్ప ఎవరో చెప్తాను. మా వల్లూరులో గొర్రెల ఓబళప్ప అంటే తెలియనివాళ్ళు లేరు. ఇప్పుడు వాడికి ఒక్క గొర్రె లేదు, పేరు మాత్రం అట్లాగే ఉండిపోయింది. నా ఈడువాడే. ఒకప్పుడు అరవై గొర్రెలు తోలుకొని నాగలమడిక ఏటి పొడుగునా తిరిగేవాడు. మాట తక్కువ. ఎవరేమన్నా నవ్వుతాడు. నాకు ఆ నవ్వు చిన్నప్పటి నుంచీ పడదు. తిడితే తిరిగి తిట్టేవాడితో వేగవచ్చు, తిడితే నవ్వేవాడితో ఏం వేగుతాం?

సోలార్ పార్కు వచ్చాక వాడి శనక్కాయల చేను, దాని పక్క చేను, ఊరికి తూర్పు వైపంతా పలకల కిందికి పోయింది. కంచె పడింది. గొర్రెలు తిరిగే చోటు లేక మందను అమ్మేశాడు. పార్కు గేటు దగ్గర కావలి పని దొరికింది, మధ్యాహ్నం పోయి రాత్రికి వస్తాడు. పొద్దునంతా ఖాళీ. నలభై ఏళ్ళు తెల్లవారకముందే లేచి మంద తోలినవాడు, యూనిఫాం ఉతికి దండెం మీద ఆరేసుకొని, అరుగు మీద కూర్చొని తన చేతులను తానే చూసుకుంటూ ఉండేవాడు.

ఇక నా సంగతి. నా పేరు మౌనాచారి. ఊళ్ళో ఉత్త ఆచారిని. వడ్రంగిని. ఈ చుట్టుపట్ల ఏడూళ్ళకు విత్తనాలు వేసే గొర్రు, కలుపు తీసే గుంటక, బండి చక్రాలు నా చేతి మీదుగా పోయాయి. మా నాయన చేశాడు, ఆయన నాయన చేశాడు. చేలల్లో పలకలు మొలిచాక గొర్రు ఎవరికి కావాలి? తలుపులేమో పావగడ నుంచి తయారుగా వస్తున్నాయి, పైకి కొయ్య రంగు, లోపలంతా ప్లాస్టిక్. నాకు మిగిలింది మంచం కోళ్ళు బిగించడం, గొడ్డళ్ళకు కామ, అంటే పిడి, వేయడం. పని పోయింది, పేరొక్కటే మిగిలింది. “కొయ్యపని అంటే ఆచారిదే” అని ఊరు అనే మాట. ఆ మాట పట్టుకొని బతుకుతున్నాను. నేను గడ్డి తిన్నది దాని కోసమే.

పార్కులో గోపికృష్ణ అని ఒక ఇంజనీరు ఉండేవాడు. విశాఖపట్నం వాడు. రంగక్క హోటలు మీది గదిలో అద్దెకుండేవాడు. ఆయనకొక పిచ్చి. ఎక్కడెక్కడి నుంచో పెట్టెలు తెప్పించుకొని, అందులోని కొయ్య ముక్కలన్నీ అతికించి మూరెడు పొడవు ఓడలు తయారు చేసేవాడు. ఓబళప్ప ఆదివారం పొద్దున ఆ గది గుమ్మంలో కూర్చొని చూసేవాడు. “ఈడ చుక్క నీళ్ళు లేవు, ఓడలేంది సార్?” అని అడిగితే, “కొండ మీంచి చూస్తే ఈ పలకలన్నీ సముద్రంలా ఉంటాయి, ఇల్లు గుర్తొస్తుంది” అన్నాడట. ఆయనకు రాజస్థాన్‌కు బదిలీ అయింది. పోతూ పోతూ ఇంకా విప్పని పెట్టె ఒకటి ఓబళప్ప చేతిలో పెట్టి పోయాడు.

ఆ పెట్టె పట్టుకొని ఓబళప్ప నేరుగా మా ఇంటికే వచ్చాడు. ఇది మాత్రం మరచిపోవద్దు.

మా పంచలో చాప పరచి పెట్టె విప్పాం. లోపల ఓడకు వెన్నెముకలాగా ఒక పొడుగాటి చెక్క, దానికి అడ్డంగా బిగించడానికి పక్కటెముకల్లాంటివి పదహారు, వాటి మీద అతికించడానికి అగ్గిపుల్ల కంటే కొంచెం వెడల్పు ఉన్న సన్నని బద్దలు కట్టలు కట్టలు. తెరచాపలకు తెల్ల గుడ్డ, దారపు ఉండలు, చీమ తలంత మేకులు, బొమ్మల పుస్తకం. ఒక బద్ద తీసి వేళ్ళ మధ్య వంచి చూశాను. నార ఎంత సన్నగా, ఎంత వరసగా ఉందో! నా జన్మలో అంత సుకుమారమైన కొయ్య పట్టుకోలేదు. వేళ్ళు జివ్వుమన్నాయి.

“ఆచారీ, ఇది నా చేతికి వచ్చే పని కాదప్పా. నువ్వు చెయ్యి. నేను పక్కన కూర్చొని చూస్తా, అంతే చాలు” అన్నాడు ఓబళప్ప.

సరే అంటే అయిపోయేది. కానీ అప్పుడే రంగక్క పాల కోసం మా ఇంటికి వచ్చి నిలబడి ఉంది, మా ఆవిడ పుష్పావతి గడప దగ్గర ఉంది. వాళ్ళ ముందు నాకు ఎక్కడలేని పెద్దరికం ముంచుకొచ్చింది. “ఏడూళ్ళకు బండ్లు చేసినోణ్ణి, పిల్లోళ్ళ మాదిరి పుల్లలతో ఆడుకుందునా? తీసుకపోప్పా” అన్నాను. వాడు నవ్వి, అన్నీ సర్దుకొని వెళ్ళిపోయాడు. ఇంకొక్కసారి అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణి. ఒక్కసారే అడిగాడు. దాన్ని కూడా వాడి తప్పుగానే లెక్కేసుకున్నాను.

మర్నాటి నుంచి ఎదురుగా అరుగు మీద పని మొదలైంది. చిన్న రంపం ఇమ్మని వచ్చాడు. నా దగ్గర రెండున్నాయి. ఏది మొద్దుబారిందో చూసి అదే ఇచ్చాను. వారం తర్వాత తిరిగి తెచ్చిచ్చాడు, ఆకురాయితో పళ్ళన్నీ పదును పెట్టి. “ఊరికే ఎట్లిస్తాను ఆచారీ, నీ సామాను కదా” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు నా మీద కోప్పడి ఉంటే ఆ రోజు అన్నం సయించేది.

నెల తిరిగేసరికి పక్కటెముకలన్నీ వరసగా నిలబడ్డాయి, తిని వదిలేసిన చేప ముల్లులాగా. వంకర పోతుందనుకున్నాను, పోలేదు. రోజుకొకసారి ఏదో నెపం పెట్టుకొని పోయి ఒక కన్ను మూసి చూసేవాణ్ణి, ఎక్కడైనా వెంట్రుకవాసి తేడా దొరుకుతుందేమోనని. దొరికితే ఆ రోజు పండగ. దొరకని రోజు ఇంటికొచ్చి పుష్పావతి మీద అరిచేవాణ్ణి. పంప్ ఆపరేటర్లు, పలకలు తుడిచే ఆడవాళ్ళు, బస్సు దిగినవాళ్ళు, అందరూ ఆ అరుగు దగ్గర ఆగి పోతున్నారు. రంగక్క ఒక రోజు నేను వింటుండగానే, “ఏం చెయ్యప్పా అది, వడ్రంగోళ్ళ చెయ్యి కూడా అంత నింపాదిగా ఉండదు” అంది. టీ గ్లాసు సగంలో పెట్టేసి లేచొచ్చాను. ఇంట్లో పుష్పావతి, “ఆయప్పకు శానా ఓర్పు ఉండాది” అంది. ఓర్పు నాకు లేదనే కదా దాని అర్థం. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఏమిటో ఆ రోజుల్లో తెలిసింది. నిజంగానే మండేవి.

తర్వాత బద్దలు అతికించే పని. పక్కటెముకల మీదుగా బద్దను వంచి, జిగురు పెట్టి, చిన్న మేకు కొట్టాలి. ముందు వైపు వంపు ఎక్కువ, బద్ద పుటుక్కున విరుగుతుంది. ఐదారు విరిగాయి. మా వడ్రంగులైతే వేడినీళ్ళలో నానబెట్టి వంచుతారు. పుస్తకంలో కూడా గిన్నె బొమ్మ ఉంది, ఓబళప్పకు అది అర్థం కాలేదు. వాడికి తెలిసింది ఒక్కటే. కొత్త కర్ర కొట్టుకొచ్చాక గొర్రెల కాపరులు దానికి ఆముదం పట్టించి, సెగకు కాచి, మోకాలి మీద పెట్టి కావలసినట్టు వంచుకుంటారు. తరతరాల అలవాటు. వాడి తాత కర్ర కూడా అట్లా వంచిందే, ఇప్పటికీ వాళ్ళింట్లో మూల నిలబెట్టి ఉంది.

ఆ పొద్దున నేను పోయేసరికి కుంపటిలో నిప్పులు, పక్కన ఆముదం గిన్నె. ఒక బద్దకు నూనె పట్టించి సెగ చూపిస్తున్నాడు. చక్కగా వంగుతోంది. నన్ను చూసి మొహం విప్పారింది. “బాగా సమయానికి వచ్చినావు ఆచారీ. కొయ్య సంగతి నీకి తెలుసు. నూనె పూస్తే ఏమన్నా చెరుపు చేస్తాదా?” అని అడిగాడు.

నూనె తాగిన కొయ్యకు జిగురు అంటదు. వడ్రంగి ఇంట్లో ఐదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. మేకుల పట్టు మీద కొన్నాళ్ళు నిలబడుతుంది, ఎండలు ముదిరితే బద్దలన్నీ లేచి కూర్చుంటాయి. ఇదంతా నాకు ఆ క్షణంలో కళ్ళకు కట్టినట్టు కనిపించింది. కనిపించి, ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

“ఏం చెరుపు చేస్తాది? కర్రకు నూనె మంచిదే కదప్పా. బాగా పట్టించు” అన్నాను.

నాకు కావలసినంత సాకు ఉంది అందులో. కర్రకు నూనె మంచిదే, అబద్ధం చెప్పలేదు. ఇంటికొచ్చి ఆ మాట పదిసార్లు అనుకున్నాను. పదిసార్లు ఎందుకు అనుకోవాల్సి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు.

దసరా దాటేసరికి ఓడ ఒళ్ళు పూర్తయింది. నూనె మెరుపుతో నిగనిగలాడుతోంది. తర్వాత స్తంభాలు నిలబెట్టాడు, వాటికి తాళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. అక్కడ నేను ఊహించని దెబ్బ తగిలింది. ఓడకు వందల కొద్దీ తాళ్ళు, వేల కొద్దీ ముడులు. మందలో గొర్రెపిల్లల్ని వరసగా కట్టేసే పొడుగాటి తాడు ఉంటుంది, దామెన అంటారు. దూరం దూరంగా ముడులు, ముడికొక పిల్ల. ఓబళప్ప చిన్నప్పటి నుంచీ అవి పేనినవాడు. స్తంభం మీదికి పాకే తాళ్ళ నిచ్చెనలు బొమ్మలో చూడగానే, “ఇది దామెనే కదప్పా!” అని నవ్వి, చూడకుండా కూడా ముడులు వేసుకుంటూ పోయాడు. ఆవగింజంత ముడులు, అన్నీ ఒకే తీరు. అట్లాంటి పని నాకు రాదు. రాదని రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి మొరాయిస్తోంది.

నేత్రావతి వచ్చి చూసింది. గ్రంథాలయానికి కట్టిన కొత్త గది మే నెలలో తెరుస్తామని, ఆ రోజు ఓడను అందులో పెడతామని పంచాయితీవాళ్ళతో మాట్లాడి ఒప్పించింది. ఊరంతా ఓబళప్పే. వాడి భార్య కరియమ్మ దిష్టి తగలకుండా ఓడ స్తంభానికి నల్లదారం కట్టింది. నేను ఎండల కోసం కాచుక్కూర్చున్నాను. ఈ తాలూకాలో ఎండలు ఎప్పుడు ముదురుతాయా అని ఎదురుచూసిన మనిషిని నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఏప్రిల్ రెండో వారంలో వాళ్ళ రేకుల ఇల్లు పెనంలాగా కాలింది. ఒక పొద్దున కరియమ్మ కేక వినబడింది. పోయి చూస్తే ఓడకు ఎడమ పక్క బద్దలు పదీ పదిహేను మేకులతో సహా లేచి, గాలికి రేగిన జుట్టులాగా నిలబడ్డాయి. కరియమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఓడ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. మిరపకాయలు మాడాయి గానీ ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని లెక్క. “ఎవురి కండ్లో గానీ పాడు కండ్లు” అని కరియమ్మ ఏడ్చింది. అందరూ అక్కడే ఉన్నారు. నాకొక్కడికే దగ్గు వచ్చింది.

ఇన్నాళ్ళు కోరుకున్నది జరిగింది కదా, కడుపు చల్లబడాలి కదా? లేదు. ఓబళప్ప నవ్వడం లేదు. మందను అమ్మిన రోజు లారీ వెనక నిలబడినప్పుడు ఎట్లా ఉన్నాడో అట్లా ఉన్నాడు. నాకు ఆ మొహం చూడబుద్ధి కాలేదు. అక్కడ కూడా నన్ను కాదని వాడి మీదికే పోయాయి అందరి కళ్ళు, అందరి జాలి.

మధ్యాహ్నం డ్యూటీకి పోయేముందు ఓబళప్ప ఓడను కంబళిలో పొదివి పట్టుకొని మా ఇంటికి వచ్చాడు, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను తెచ్చినట్టు. “నేనేందో తప్పు చేసినా ఆచారీ. తెలీకుండా ఉండాది. మేలో పెట్టాలంట. నువ్వు చెయ్యి పెడితే తప్ప కాదు” అన్నాడు. రెండోసారి అడిగాడు. ఈసారి నాకు పెద్దరికం రాలేదు.

వారం రోజులు పట్టింది. పొద్దున్నే వచ్చి పక్కన కూర్చునేవాడు. లేచిన బద్దలు ఒక్కొక్కటే ఊడదీశాను. కుడి పక్కవీ తీశాను, అవీ ఇవాళో రేపో లేస్తాయి కాబట్టి. వేడినీళ్ళలో చాకలి సోడా కలిపి బద్దలన్నీ వేసి, నూనె వదిలేదాకా మెత్తని గుడ్డతో రుద్ది రుద్ది కడిగాను. నీడన ఆరబెట్టాను. గరుకు కాగితం పట్టి, మళ్ళీ వేడినీళ్ళలో నానబెట్టి, మెల్లగా వంచి, జిగురు పెట్టి అతికించాను. ఇన్నేళ్ళ తర్వాత నా చేతికి తగిన పని దొరికింది. ఆ వారం నేను ఎవరి మీదా అరవలేదు. పుష్పావతే వచ్చి, “ఒంట్లో బాగుందా?” అని అడిగింది. ఓబళప్ప మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు. నేను చేసేదంతా చూస్తూ కూర్చున్నాడు.

మేలో గది తెరిచారు. ఓడను పెట్టారు, చప్పట్లు కొట్టారు. అందరూ తాళ్ళనే చూస్తున్నారు. బద్దల అతుకు ఎంత సన్నగా ఉందో ఒక్కడికీ పట్టలేదు. లోపల మళ్ళీ మంట రాజుకుంటుండగా ఓబళప్పను మాట్లాడమన్నారు. వాడు లేచి, “తాళ్ళు నేను కట్టినా. ఓడ చేసినోడు మా ఆచారి. కొయ్యపని అంటే ఆచారిదే” అని కూర్చున్నాడు. నేత్రావతి అప్పటికప్పుడు చీటీ మార్చి రాసింది. కొయ్యపని మౌనాచారి, తాళ్ళు ఓబళప్ప. నాకు శాలువా కప్పారు. నేను కావాలనుకున్న మాట, నేను కావాలనుకున్న చోట, అందరి ముందు వచ్చింది. వద్దని అనలేదు. శాలువా మడిచి పెట్టెలో పెట్టుకున్నాను. ఎండాకాలం కాబట్టి ఉక్కపోసిందని అనుకున్నాను.

పోయిన వారం గోపికృష్ణ దగ్గర నుంచి ఇంకో పెట్టె వచ్చింది. ఎవరో ఓడ ఫొటో పంపారట, సంబరపడి పంపాడు. ఓబళప్ప ఆ పెట్టెను, కట్టు కూడా విప్పకుండా తెచ్చి నా ముందు పెట్టాడు.

“ఇది నువ్వు చెయ్యి ఆచారీ. మొదటి నుంచీ కడదాకా నువ్వే. నేను పక్కన కూర్చుంటా.”

“నువ్వు ఉండగా నేనెందుకప్పా?” అన్నాను.

వాడు నవ్వాడు. నాకు పడని ఆ నవ్వే. “చెయ్యి. యాడన్నా అనుమానం వస్తే నన్నడుగు. నూనె పూయమని మాత్రం చెప్పనులే” అన్నాడు.

“ఎప్పుడు తెలిసింది?” అని మాత్రం అడగగలిగాను.

“బద్దలు ఎందుకు లేసినాయని నువ్వు ఒక్కసారన్నా చూడలేదు కదప్పా. నేను తెచ్చీ తేంగానే సోడా నీళ్ళు పెట్టినావు” అన్నాడు. అని, ఎదురుగా వాళ్ళ దండెం మీది యూనిఫాం తీసుకొని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

అంటే ఆ వారమంతా వాడికి తెలుసు. తెలిసీ పక్కన కూర్చున్నాడు. తెలిసీ మేలో లేచి నిలబడి ఆ మాట చెప్పాడు. ఇది తలుచుకుంటే నాకు సిగ్గు ఒక్కటే రావడం లేదు, మళ్ళీ కుళ్ళు కూడా వస్తోంది. ముడులు వేసే చెయ్యి వాడికే ఉంది, ఈ మనసూ వాడికే ఉండాలా?

నేత్రావతీ, నువ్వు అడిగిన నాలుగు మంచి మాటలు ఇవే. దించుకునేటప్పుడు ఆముదం సంగతి వదిలేయవద్దు. చీటీలో ముందున్న నా పేరు కొట్టేసి, ఆ చోట ఓబళప్ప పేరు పెట్టు. గోడకు అతికించాక నాకు కబురు చెయ్యి. కొత్త పెట్టె మా పంచలో చాప మీదే ఉంది, దాని కట్టు నేను ఇంకా విప్పలేదు.